కొత్త టీవీ కొనేముందు ఒకసారి గోడ చూడండి: సైజు, ప్యానెల్, వాల్ మౌంట్ ఏది ఎవరికి సరిపోద్ది

పండగ ఆఫర్లు మొదలయ్యాయంటే చాలు, చుట్టాల్లో ఎవరో ఒకళ్ళు ఫోన్ చేసి అడిగే మాట ఒకటే, 43 తీసుకోమంటావా 55 తీసుకోమంటావా, ఏ కంపెనీ మంచిది అని. నేను తిరిగి అడిగేవి వేరే ఉంటాయి. టీవీ పెట్టే గోడ ఎర్ర ఇటుకా తెల్ల బ్లాకా, సోఫాలో కూర్చుంటే కంటికీ గోడకీ మధ్య ఎన్ని అడుగులు, ఇంట్లో చిన్న పిల్లలున్నారా, సొంతిల్లా అద్దెదా. ఇవి తేలకుండా షాపుకెళ్తే అక్కడ మెరిసేదాన్ని చూసి కొనేస్తాం, ఇంటికొచ్చాక గోడ ఒప్పుకోదు. టీవీ ఎంపికలో కొంచెం అటూఇటూ అయితే బొమ్మ కాస్త తగ్గుద్ది అంతే, గోడ దగ్గర తప్పు జరిగితే మాత్రం 15 కిలోల సామాను కింద ఆడుకుంటున్న పిల్లల మీద పడుద్ది. అందుకే ఈ రెండూ కలిపే రాస్తున్నా.

ముందు సైజు. 4కె టీవీకి నేను వాడే లెక్క, మీరు కూర్చునే దూరాన్ని అంగుళాల్లో కొలిచి 1.6 తో భాగించండి, వచ్చిన అంకెకి దగ్గర సైజు మీది. 6 అడుగులు అంటే 72 అంగుళాలు, భాగిస్తే 45, కాబట్టి 43 సరిపోద్ది. 8 అడుగులకి 60 వస్తది, అక్కడ 55 హాయిగా ఉంటది. 9 అడుగులుంటే 65 కి వెళ్ళొచ్చు. దూరం అంటే గోడ నుంచి గోడకి కాదండోయ్, సోఫాలో కూర్చున్న మనిషి కంటి నుంచి టీవీ దాకా. 10 అడుగుల వెడల్పు హాల్లో సోఫా వెనక్కి ఆనించినా మీ తల ముందుకి రెండడుగులు వచ్చేస్తది, అంటే మిగిలేది 8 అడుగులే.

అయితే ఈ లెక్క హెచ్‌డీ, 4కె చూసేవాళ్ళకి. ఇంట్లో పెద్దవాళ్ళు సెట్ టాప్ బాక్స్‌లో ఎస్‌డీ ప్యాక్ పెట్టుకుని రోజంతా సీరియళ్ళు, వార్తలు చూస్తుంటే సంగతి వేరు. ఎస్‌డీ బొమ్మ 720 బై 576 చుక్కలు, 4కె తెర 3840 బై 2160, అంటే చానెల్ పంపిన ఒక్క చుక్కని టీవీ 20 చుక్కలుగా సాగదీసి చూపించాలి. 65 మీద మొహాలన్నీ అలికేసినట్టు కనపడతాయి, అప్పుడు "ఇంత డబ్బు పోసి కొన్నాం, పాత టీవీనే నయం" అని అమ్మ అంటది, ఆమె అన్నది నిజమే కూడా. అలాంటి ఇంటికి 43 చాలు, లేదా 55 కొని ఆ రోజే హెచ్‌డీ ప్యాక్‌కి మారండి, బాక్స్ కూడా హెచ్‌డీదో కాదో చూసుకోండి.

ఇంకో మాట, 32 దాటితే ట్యాక్స్ ఎక్కువ అని ఇంకా కొంతమంది 32 దగ్గరే ఆగిపోతున్నారు. అది పాత మాట, 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 కి తగ్గింది, ఇప్పుడు చిన్నదానికీ పెద్దదానికీ ఒకటే రేటు. హాల్లోకి అయితే 32 నేను ఎవరికీ చెప్పను, బెడ్‌రూమ్‌కీ వంటింటికీ పర్లేదు.

సైజు మనసులో తేలాక అసలు వెడల్పు చూడండి. 43 అంటే తెర అడ్డంగా 95 సెంటీమీటర్లు, 55 అంటే 122, అంటే నాలుగడుగులు, 65 అయితే 144. పాత ఇళ్ళల్లో కడప బండలతో కట్టిన షోకేసుల్లో టీవీ గూడు 21 అంగుళాల డబ్బా టీవీ కోసం చేసింది, అందులో 43 కూడా పట్టదు, ఆ గూడు పగలగొట్టాలా వేరే గోడకి మారాలా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. పాత న్యూస్ పేపర్లు ఆ కొలతకి అతికించి గోడకి టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి, కిటికీ రెక్క తగులుతుందా, స్విచ్‌బోర్డు కిందకొస్తుందా, తలుపు తీస్తే కొడుతుందా అన్నీ తెలిసిపోతాయి. వాస్తు చూసుకునే ఇళ్ళల్లో ఏ గోడ అన్నది పెద్దవాళ్ళతో ఇప్పుడే మాట్లాడెయ్యండి, బ్రాకెట్ బిగించాక గొడవపడితే గోడకి ఇంకో నాలుగు చిల్లులు పడతాయి.

ఇక ప్యానెల్. పేర్లు చాలా ఉన్నా మన ఇళ్ళకి తేడా వచ్చేది నాలుగింటి మధ్యే. మామూలు ఎల్ఈడీ, దానికే రంగులు బాగుచేసిన క్యూఎల్ఈడీ, వెనకాల చిన్న చిన్న లైట్లు వందలకొద్దీ పెట్టి చీకటి భాగాల్లో ఆర్పేసే మినీ ఎల్ఈడీ, ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే ఓఎల్ఈడీ. మొదటి రెండింట్లో షాపువాళ్ళు చెప్పని తేడా ఇంకోటి ఉంది, ఐపీఎస్ ప్యానెలా వీఏ ప్యానెలా అని. ఐపీఎస్ పక్క నుంచి చూసినా రంగు మారదు కానీ నలుపు బూడిద రంగులా ఉంటది. వీఏలో నలుపు బాగుంటది, రాత్రి సీన్లు బాగుంటాయి, కాకపోతే పక్కకి కూర్చున్నవాళ్ళకి రంగులు వెలిసిపోయినట్టు కనపడతాయి. మన హాల్లో టీవీకి ఎదురుగా కూర్చునేది ఇద్దరే, నాయనమ్మ పక్కన దివాన్ మీద, పిల్లలు కింద చాప మీద, అమ్మ వంటింటి గుమ్మంలోంచి. అలాంటి ఇంటికి నా ఓటు ఐపీఎస్‌కే. ఇద్దరే ఉండి రాత్రిపూట లైట్లార్పి సినిమాలు చూసుకునేవాళ్ళు వీఏ గానీ మినీ ఎల్ఈడీ గానీ తీసుకోండి. షాపులో ఎదురుగా నిలబడి చూడటం ఆపి బాగా పక్కకి జరిగి మనిషి మొహం రంగు చూడండి, ఏ ప్యానెలో అక్కడే అర్థమైపోద్ది.

ఓఎల్ఈడీ బొమ్మకి సాటి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 55 సైజు లక్ష అటూఇటూ ఉంటది. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి న్యూస్ చానెల్ పెట్టి వదిలేసే ఇంటికి వద్దని చెప్తా, ఎందుకంటే మన వార్తా చానెళ్ళ తెర మీద మూలన లోగో, కింద ఎర్ర పట్టీ, దాని కింద ఇంకో స్క్రోలింగ్ పట్టీ, ఇవన్నీ గంటల తరబడి కదలకుండా అక్కడే ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అచ్చు తెర మీద ఉండిపోయే ప్రమాదం ఉంది. పైగా హాల్లో ఎదురుగా పెద్ద కిటికీ ఉండి పగలంతా వెలుతురు కొడుతుంటే దాని నలుపు గొప్పతనం మీకు కనపడదు, అక్కడ వెలుగు ఎక్కువిచ్చే మినీ ఎల్ఈడీయే నయం.

హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా చూపించేది) అని డబ్బా మీద రాసినంత మాత్రాన ఏం లేదు, వెలుగు 300 నిట్స్ దగ్గరే ఆగిపోయే టీవీలో అది పేరుకే. 120 హెర్ట్జ్, అంటే తెర మీద బొమ్మ సెకనుకి 120 సార్లు మారడం, పీఎస్5 లాంటి గేమింగ్ బాక్సుల్లో ఆడేవాళ్ళకి, క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఉపయోగం, మిగతావాళ్ళు ఆ డబ్బుతో ఒక సౌండ్‌బార్ కొనుక్కోండి, టీవీలు పల్చబడ్డాక స్పీకర్లు కిందకి తిరిగిపోయి డైలాగులు సరిగ్గా వినపడట్లేదు. సాఫ్ట్‌వేర్ విషయంలో గూగుల్ టీవీయా, వెబ్ ఓఎస్సా, టైజెనా అని ఎక్కువ ఆలోచించకుండా మీరు రోజూ చూసే తెలుగు యాప్ అందులో ఉందో లేదో షాపులోనే వెతికించి చూడండి. ర్యామ్ 2 జీబీకి తక్కువ వద్దు.

ఇప్పుడు గోడ.

మీ గోడ దేంతో కట్టారో తెలియకపోతే టీవీ వెనక దాగిపోయే చోట చిన్న బిట్‌తో ఒక చిల్లు వేయించి కింద కాగితం పట్టండి. మొదట లప్పం, ప్లాస్టరింగ్ పొడి తెల్లగా, బూడిదగా రాలుద్ది, అది లెక్కలోకి తీసుకోవద్దు. దాని తర్వాత వచ్చే పొడి చూడండి. ఎర్రగా వస్తే మట్టి ఇటుక. తెల్లగా, లేత బూడిదగా పౌడర్‌లా మెత్తగా రాలుతూ బిట్ వెన్నలోకి దిగినట్టు దిగిపోతే ఏఏసీ బ్లాక్, మనవాళ్ళు లైట్ వెయిట్ ఇటుక అంటారు, ఈమధ్య హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో లోపలి గోడలు ఎక్కువ ఇదే. ముదురు బూడిద పొడి వస్తూ బిట్ వేడెక్కి మొరాయిస్తుంటే కాంక్రీటు, అల్యూమినియం అచ్చులు పెట్టి కాంక్రీటు పోసే మైవాన్ పద్ధతిలో కట్టిన టవర్లలో గోడలన్నీ ఇలాగే ఉంటాయి. కొంచెం దూరం పోగానే లోపలికి గభాల్న జారిపోతే బోలు బ్లాకు.

ఎర్ర ఇటుక అయితే మంచిదే. 10 ఎంఎం ప్లాస్టిక్ గిట్టీ (స్క్రూ పట్టడానికి చిల్లులో కొట్టే ప్లగ్గు), లావు స్క్రూ, ప్లాస్టరింగ్ ఎటూ 12 నుంచి 20 ఎంఎం ఉంటది కాబట్టి అది పోను ఇటుకలోకే 50 ఎంఎం దిగాలి. అంటే స్క్రూ 70 ఎంఎం దగ్గర ఉండాలి, డబ్బాలో వచ్చే చిన్న స్క్రూలు కొన్నిసార్లు లప్పం, ప్లాస్టరింగ్ దాటి పెద్దగా లోపలికి పోవు. చిల్లు రెండు ఇటుకల మధ్య సిమెంటు జాయింట్‌లో పడితే పట్టు తక్కువ, కొంచెం జరపండి. చిల్లులో పొడి ఊది బయటికి తీసేశాకే గిట్టీ కొట్టాలి, పొడి ఉండిపోతే గిట్టీ తిరుగుద్ది.

ఏఏసీ బ్లాక్ దగ్గరే అందరూ దెబ్బతినేది. ఇటుకకి వాడే గిట్టీనే ఇక్కడా కొట్టేసి వెళ్ళిపోతారు, ఆ రోజు గట్టిగానే ఉంటది, ఆ బ్లాకు మెత్తన కాబట్టి మెల్లమెల్లగా లూజవుద్ది. ఇంకొంతమంది ఇంకా గట్టిగా ఉంటదని ఇనప యాంకర్ బోల్టు వేస్తారు, అది లోపల విచ్చుకుని పక్కలకి నొక్కుద్ది, కాంక్రీటులో అదే దాని బలం, ఏఏసీలో అదే బ్లాకుని పగలగొట్టుద్ది. ఇక్కడ కావాల్సింది ఏఏసీకని అమ్మే ప్రత్యేక ప్లగ్గులు, లేదా 80 నుంచి 100 ఎంఎం పొడుగు నైలాన్ ప్లగ్గులు, బరువెక్కువైతే కెమికల్ యాంకర్, అంటే చిల్లులో జిగురు మందు నింపి రాడ్ దించి ఆరనివ్వడం. డ్రిల్లింగ్ మిషన్ హ్యామర్ మోడ్‌లో పెట్టనివ్వొద్దు, మామూలుగా తిప్పితేనే చిల్లు గుండ్రంగా వస్తది, హ్యామర్ కొడితే చిల్లు పెద్దదైపోయి ప్లగ్గు పట్టదు. టెక్నీషియన్ వచ్చేరోజుకి ఈ ప్లగ్గులు మీరే తెచ్చి పెట్టుకోండి, అతని సంచీలో ఉంటాయని నమ్మకం లేదు.

కాంక్రీటుకి మంచి హ్యామర్ మిషన్ ఉంటే చాలు, యాంకర్ బోల్టు వేస్తే ఇంక కదలదు. మధ్యలో ఊచ తగిలితే శబ్దం మారిపోద్ది, బిట్ ముందుకి పోదు, బలవంతం చెయ్యకుండా ఒకటి రెండంగుళాలు జరపాలి. పల్లెల్లో మట్టితోనో సున్నంతోనో కట్టిన పాత గోడలు, చెమ్మ పట్టి పెచ్చులూడే గోడలు, వీటికి మాత్రం వాల్ మౌంట్ ఆశ వదులుకుని స్టాండ్ మీద పెట్టుకోండి. ఇంటీరియర్ చేయించినవాళ్ళకి ఒక మాట, టీవీ వెనక చార్‌కోల్ ప్యానెళ్ళు, లూవర్లు, ప్లైవుడ్ కొట్టించి వాటికే బ్రాకెట్ బిగించేస్తున్నారు, ఆ ప్యానెల్ గోడకి చిన్న మేకులతోనో జిగురుతోనో నిలబడి ఉంది, దానికి టీవీ బరువు పెట్టొద్దు. స్క్రూ ప్యానెల్‌ని దాటి గోడలోకి దిగాలి, ప్యానెల్ మందం కలుపుకుని పొడుగు స్క్రూ తెప్పించండి. ఇంకా పని మొదలవ్వకపోతే కార్పెంటర్‌తో ఆ చోట వెనక ఖాళీ లేకుండా మందపాటి ప్లైవుడ్ గోడకి యాంకర్ చేయించి ఉంచండి.

బ్రాకెట్లలో మూడు రకాలు. గోడకి అంటుకుపోయే ఫిక్స్‌డ్, కొంచెం కిందకి వంగే టిల్ట్, చెయ్యి చాపినట్టు బయటికొచ్చి తిరిగే ఫుల్ మోషన్. షాపులో ఫుల్ మోషన్ చూస్తే ముచ్చటేస్తది, కానీ లెక్క చూడండి. 16 కిలోల టీవీని గోడ నుంచి 40 సెంటీమీటర్లు బయటికి లాగితే, పై స్క్రూలకీ కింది స్క్రూలకీ మధ్య 20 సెంటీమీటర్లున్న ప్లేటులో పై స్క్రూలని గోడలోంచి పీకే బలం 32 కిలోలు, టీవీ బరువుకి రెట్టింపు. అదే టీవీ ఫిక్స్‌డ్ మీద గోడకి 6 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ పీకుడు 5 కిలోలే. పైగా పిల్లలు పట్టుకుని ఊగేది కూడా ఆ చేతినే. అందుకని ఏఏసీ గోడకి ఫుల్ మోషన్ వద్దే వద్దు అంటా, కాంక్రీటుకీ 9 అంగుళాల ఇటుక గోడకీ నిజంగా రెండు వైపులా తిప్పుకునే అవసరం ఉంటేనే. మంచం మీద పడుకుని చూసే బెడ్‌రూమ్‌లో కొంచెం ఎత్తులో టిల్ట్ బాగుంటది. మిగతా హాళ్ళన్నిటికీ ఫిక్స్‌డే.

బ్రాకెట్ కొనేముందు టీవీ వెనక నాలుగు చిల్లుల మధ్య దూరం కొలవండి, 200 బై 200, 300 బై 200, 400 బై 300 అని ఉంటాయి, దాన్నే వెసా (VESA) సైజు అంటారు. టీవీ వైపు స్క్రూలు చాలావాటికి ఎం6, పెద్ద వాటికి ఎం8, అవి మరీ పొడుగైతే లోపల బోర్డుకి తగులుతాయి, పొట్టివైతే రెండు మరలే పట్టుకుంటాయి. టీవీతో వచ్చిన పుస్తకంలో కొలత ఉంటది, అదే వాడండి.

ఎత్తు విషయానికొద్దాం. టెక్నీషియన్ "ఎంత ఎత్తులో పెట్టమంటారు" అని అడిగినప్పుడు మనం నిలబడి ఉంటాం, చెయ్యి మన కంటి ఎత్తుకి చూపిస్తాం, అందుకే ఇన్ని ఇళ్ళల్లో టీవీ సీలింగ్ దగ్గరుండి మెడలు పట్టేస్తున్నాయి. కూర్చుని చూపించండి. సోఫాలో కన్ను నేల నుంచి 40, 42 అంగుళాలు ఉంటది, టీవీ మధ్య భాగం అక్కడికి రావాలి. 55 టీవీ ఎత్తు 27 అంగుళాలు, అంటే కింది అంచు 27, 28 దగ్గర. కింద కూర్చుని అన్నాలు తింటూ చూసే ఇంట్లో ఇంకా కొంచెం దించొచ్చు, పాకే పిల్లలుంటే దించకండి. ఇంకో చిక్కు, వెనకున్న చిల్లులు చాలా టీవీల్లో సరిగ్గా మధ్యలో ఉండవు, కిందకి ఉంటాయి, కాబట్టి కింది అంచు నుంచి ఆ చిల్లులకి ఎంతుందో కొలిచి దాన్ని బట్టే గోడ మీద గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టాక రసమట్టం వేసి చూడమనండి, కంటితో సరిగ్గా ఉందంటే వినొద్దు.

డ్రిల్ పెట్టేముందు కరెంటు. కన్సీల్డ్ వైరింగ్‌లో పైపులు మామూలుగా స్విచ్‌బోర్డు నుంచి నిలువుగా పైకో కిందకో పోతాయి, కొన్నిచోట్ల అడ్డంగా కూడా, కాబట్టి బోర్డుకీ ప్లగ్ పాయింటుకీ సూటిగా ఉన్న గీతల్లో చిల్లు వద్దు. హాల్ ఎంసీబీ ఆపేసి మిషన్‌కి పక్క గది నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగండి. గోడ అవతల బాత్రూమ్ ఉంటే లోపల నీళ్ళ పైపులు ఎక్కడున్నాయో చూడకుండా మొదలెట్టొద్దు. ప్లగ్ పాయింట్ టీవీ వెనకే మూడు పిన్నులది, ఎర్త్ ఉన్నది ఉండాలి. ఇప్పటి టీవీల్లో చాలావాటికి 100 నుంచి 240 వోల్టుల దాకా ఇబ్బంది లేదు, అందుకని ఊళ్ళో కరెంటు నిలకడగా ఉంటే స్టెబిలైజర్ అక్కర్లేదు. కానీ స్తంభం మీద న్యూట్రల్ తెగి ఇంట్లోకి ఒక్కసారిగా హైవోల్టేజ్ వచ్చే వీధుల్లో ఉంటే హై కటాఫ్ ఉన్న స్టెబిలైజర్ తప్పనిసరి. ఉరుములు మెరుపులప్పుడు టీవీ ప్లగ్గుతో పాటు సెట్ టాప్ బాక్స్ ప్లగ్గూ, డిష్ కేబులూ తీసెయ్యండి, పిడుగు ఆ తీగలోంచి కూడా వస్తది.

అద్దె ఇల్లయితే, ఓనర్ మేకు కొట్టనివ్వకపోతే, స్టాండ్ తక్కువేం కాదు. టీవీ కాళ్ళ మధ్య దూరం కొలిచి అంతకంటే వెడల్పు బల్ల చూసుకోండి. ఇక్కడ ప్రమాదం వేరే, పిల్లలు సొరుగులు లాగి మెట్లలాగా ఎక్కితే టీవీతో సహా మీద పడుద్ది. బల్లని గోడకీ, టీవీని బల్లకీ కట్టే పట్టీలు దొరుకుతాయి, ధర చాలా తక్కువ, వేయించండి. రిమోట్లు, బొమ్మలు టీవీ పైన పెట్టొద్దు, అవి అందుకోవడానికే పిల్లలు ఎక్కేది.

బిగించే రోజు. బిల్లు, సీరియల్ నంబర్ ఫోటో తీసుకోండి, డబ్బా తెరిచేటప్పుడు వీడియో తియ్యండి. బ్రాకెట్ గోడకి బిగించాక టీవీ ఎక్కించకముందే దాన్ని రెండు చేతులా పట్టుకుని మీ బరువు కొంత దాని మీద వేసి కిందకీ ముందుకీ గట్టిగా లాగండి, ఏ మాత్రం కదిలినా, ప్లాస్టరింగ్ పొడి రాలినా, అక్కడితో ఆపించండి, టెక్నీషియన్ తొందరపెట్టినా సరే. టీవీ ఎక్కించకముందే సౌండ్‌బార్‌కి వెళ్ళే హెచ్‌డీఎంఐ కేబుల్ ఈఆర్క్ అని రాసిన పోర్టుకి పెట్టేసి వదలండి, ఫిక్స్‌డ్ మౌంట్‌లో తర్వాత చెయ్యి దూరదు. ఎత్తేటప్పుడు ఇద్దరు ఉండాలి, తెర మీద వేళ్ళు నొక్కకుండా అంచులు పట్టుకోవాలి. కొక్కేలు తగిలించాక కింద ఒక సేఫ్టీ స్క్రూనో లాకో ఉంటది, టీవీ పైకి లేచి ఊడిపోకుండా పట్టుకునేది అదే, చాలా ఇళ్ళల్లో అది ప్లాస్టిక్ కవర్లోనే మిగిలిపోయి సొరుగులో ఉంటది, అడిగి మరీ వేయించండి. అతను వెళ్ళేలోపు తెల్ల, నల్ల, బూడిద రంగు తెరలు యూట్యూబ్‌లో పెట్టి చచ్చిన చుక్కలు, గీతలు ఉన్నాయేమో చూడండి.

అట్టపెట్టె, థర్మాకోల్ రిప్లేస్‌మెంట్ గడువు అయ్యేదాకా అటక మీద ఉంచండి, ఇల్లు మారే అవకాశం ఉన్నవాళ్ళయితే అసలు పారెయ్యొద్దు, దుప్పట్లో చుట్టి ఆటోలో తీసుకెళ్తే ప్యానెల్ పగిలే అవకాశం చాలా ఎక్కువ, దానికి వారంటీ ఉండదు.